పెద్ద మడ్ టైర్లు వేశాక బండి వణుకుతోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

పోయిన వానాకాలంలో మా షాపుకి ఒక పికప్ వచ్చింది. 285/70 ఆర్17 సైజు మడ్ టైర్లు, వేయించి నెల కూడా కాలేదు. ఎనభై దాటితే చాలు, స్టీరింగ్ వణుకుతోంది. అప్పటికే రెండు షాపుల్లో బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా సరిచేయడం) చేయించారట. రెండుచోట్లా మెషీన్ జీరో, అంటే బరువు తేడా ఏమీ లేదని చూపించింది. "టైర్లే బాగాలేవేమో అన్నా, నాలుగూ మార్చేస్తా" అని ఆయన టెన్షన్ పడుతున్నారు. టైర్లలో ఏ దోషమూ లేదు. మెషీన్ మీద చక్రాన్ని కూర్చోబెట్టడంలోనే తప్పు జరిగింది.

థార్, వీ-క్రాస్, గూర్ఖా, జిమ్నీ లాంటి బళ్లకు పెద్ద టైర్లు వేయించుకున్న చాలామందిది ఇదే కథ. వేలు పోసి కొన్న టైర్లను అనవసరంగా తీసి పారేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఏ లక్షణం ఉంటే ఎక్కడ వెతకాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. ఈ సైజు టైర్ ఎత్తు 83 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు పదిసార్లు తిరుగుతుంది. రోడ్డును తాకే బటన్ల దగ్గర ఒకవైపు 50 గ్రాములు ఎక్కువ ఉంటే, ఆ వేగంలో అది దాదాపు 8 కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. బరువు ఎక్కువున్నది టైర్ అంచున, దాన్ని సరిచేయడానికి మనం వెయిట్ (చిన్న బరువు ముక్క) కొట్టేది రిమ్ము అంచున. రిమ్ము అంచు ఇరుసుకు సగం దూరంలోనే ఉంటుంది కాబట్టి ఆ 50 గ్రాములకు సమాధానంగా సుమారు 100 గ్రాములు కొట్టాలి. పెద్ద టైర్‌కి వెయిట్లు ఎక్కువ పడ్డాయని కంగారుపడక్కర్లేదు.

షాపుకి వెళ్లే ముందు రోడ్డు మీద చూసుకోండి

ఖాళీగా ఉన్న మంచి రోడ్డు మీద వణుకు వచ్చే వేగానికి తీసుకెళ్లి గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజిన్ ఆపకండి. వణుకు అలాగే ఉంటే చక్రాలను అనుమానించాలి. న్యూట్రల్‌లో పోయి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే వస్తుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు తిప్పుడు అందించే కడ్డీ), దాని జాయింట్లు చూపించండి. బండి ఎత్తు పెంచినవాళ్లకు ఇది ఎక్కువ. బ్రేకు వేసినప్పుడే వస్తే బ్రేక్ డిస్కులు. స్టీరింగ్ వణికితే చాలావరకు ముందు చక్రాలు, సీటు కింద నుంచి వస్తుంటే వెనక చక్రాలు. ఇంకా అనుమానం ఉంటే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. వణుకు కూడా వాటితో పాటు మారితే దొంగ దొరికినట్టే.

మడ్ టైర్ గుర్రుమని మోగడం వేరు, వణకడం వేరు. మోతను ఏ బ్యాలెన్సింగూ తీసేయలేదు.

సమస్య: 70 నుంచి 100 మధ్య స్టీరింగ్ వణుకు, మెషీన్‌లో మాత్రం జీరో

పైన చెప్పిన పికప్ బాధ ఇదే. చక్రం మెషీన్ షాఫ్ట్ మీద సరిగ్గా నడిమధ్యలో కూర్చోకపోతే, మెషీన్ ఆ తప్పును కూడా కలుపుకుని లెక్క చెబుతుంది. టైరు, రిమ్ము కలిపి 40 కిలోలున్న చక్రం అర మిల్లీమీటరు పక్కకి జరిగి కూర్చుంటే, రిమ్ము అంచున 90 గ్రాములకు పైగా తేడా వస్తుంది. అర మిల్లీమీటరంటే ఎంత? మధ్య రంధ్రం చుట్టూ పట్టిన తుప్పు పొర చాలు. చిన్న కారు చక్రం తేలిక కాబట్టి ఈ తప్పు బయటపడదు, పెద్ద చక్రం క్షమించదు.

దీన్ని పట్టుకునే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. జీరో వచ్చాక మెషీన్ నట్టు వదులు చేయించండి. షాఫ్ట్ కదలకుండా చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి స్పిన్ చేయమనండి. 10, 15 గ్రాములు వస్తే ఫర్వాలేదు. ఆ పికప్ చక్రానికి నేను ఇలా చేస్తే 90 చూపించింది. సగం తిప్పినప్పుడు తప్పు రెట్టింపై కనిపిస్తుంది కాబట్టి అసలు తేడా 45. జీరో అని నమ్మి బండికి బిగించిన చక్రంలో 45 గ్రాముల తప్పు ఉన్నట్టు.

మధ్య రంధ్రాన్ని, చక్రం వెనక ముఖాన్ని వైర్ బ్రష్‌తో గీకి తుడవాలి. చక్రాన్ని మెషీన్ మీద నడిమధ్యలో నిలిపే కోన్‌ను చాలా రిమ్ములకు వెనకవైపు నుంచి పెడితే బాగా కూర్చుంటుంది. బయట కొన్న అల్లాయ్‌ల మధ్య రంధ్రం హబ్ (బండికి చక్రం బిగించే భాగం) కంటే పెద్దదిగా ఉండి, చక్రం నట్ల మీదే సెంటర్ అవుతుంటే, నట్ల రంధ్రాల్లో వేళ్లలా దిగే ఫ్లాంజ్ ప్లేట్‌తో బిగించి బ్యాలెన్స్ చేయాలి. ఆ ప్లేట్ అన్ని షాపుల్లో ఉండదు. ఫోన్ చేసి అడిగి ఉన్నచోటికే వెళ్లండి, ఇరవై కిలోమీటర్లు దూరమైనా సరే.

ఇంకో రెండు విషయాలు అక్కడే నిలబడి చూడండి. రిమ్ము వెడల్పు, వ్యాసం, మెషీన్ నుంచి రిమ్ముకున్న దూరం కొలిచి మెషీన్‌లో కొట్టారా, అంతకుముందు చేసిన బండి లెక్కే ఉంచేశారా? రెండోది, చక్రం అందం పాడవుతుందని లోపలివైపు ఒకే వరసలో వెయిట్లు అతికిస్తే వెడల్పు టైర్‌కి సరిపోదు. ఒకే వరస వెయిట్లు పైకీ కిందికీ ఎగరడాన్ని ఆపుతాయి కానీ, కుడిఎడమలకు ఊగడాన్ని ఆపలేవు. లోపలి అంచున, బయటి అంచున రెండుచోట్లా పడాల్సిందే. బయటికి కనిపించకూడదంటే చువ్వల వెనక దాచి అతికించవచ్చు.

బండికి ఎక్కించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. హబ్ ముఖం తుడిచి, నట్లను ఎదురెదురుగా, విడతలు విడతలుగా బిగించి, చివర టార్క్ రెంచ్ వాడమనండి. ఒక్కో నట్టును గన్‌తో ఒకేసారి చివరిదాకా బిగిస్తే చక్రం ఒకవైపుకి ఒరిగిపోతుంది. అప్పటిదాకా చేసిన పనంతా వృథా.

సమస్య: బురదలో తిప్పి వచ్చాక మొదలైంది

తాండూరు వైపు నల్లరేగడిలో తిరిగి వచ్చిన ఒక థార్ చక్రం విప్పి లోపలివైపు చూశాను. రిమ్ము పళ్లెంలో అరచేతి మందాన మట్టి పట్టి ఎండిపోయి ఉంది. వేలితో నొక్కితే రాలలేదు, స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే ఒక పెద్ద పెంకులా ఊడి వచ్చింది. తూకం వేస్తే 180 గ్రాములు. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు కడిగితే సులువుగా పోతుంది, ఒకసారి ఎండితే సిమెంటే. తిరిగి వచ్చిన రోజే బండి కిందినుంచి, రిమ్ము లోపలివైపు పైపుతో గట్టిగా నీళ్లు కొట్టండి. మట్టి ఉండగా బ్యాలెన్సింగ్ చేయిస్తే ఇంకా ప్రమాదం. అది రాలిపోయిన రోజు కొట్టించిన వెయిట్లే కొత్త రోగమవుతాయి.

కడిగినా వణుకు పోలేదంటే వెయిట్లు ఊడాయేమో చూడండి. అతికించే వెయిట్ల జాగాలో జిగురు మరక మాత్రమే మిగిలి ఉంటే ఊడినట్టు. మళ్లీ అతికించే ముందు రిమ్మును స్పిరిట్‌తో జిడ్డు లేకుండా తుడిచి, పూర్తిగా ఆరాక నొక్కాలి. రాళ్లలో తిరిగే బండికి బయటి అంచున కొట్టిన వెయిట్లు రాయి తగిలి ఎగిరిపోతాయి. అలాంటి బండికి లోపల అతికించినవే నయం.

మూడో కారణం చాలామందికి తట్టదు. ఇసుకలోనో బురదలోనో పట్టు కోసం గాలి 15 పీఎస్ఐ దాకా దించి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, టైరు రిమ్ము మీద చుట్టూ జారుతుంది. గాలి పోదు, బయటికి ఏమీ తెలియదు. కానీ వెయిట్లు ఒకచోట, బరువు ఇంకొకచోట అయిపోతాయి. టైరు కొత్తగా ఎక్కించి సబ్బు నీళ్లు ఆరకముందే గట్టిగా బ్రేకులు వేసినా ఇంతే. అందుకే బ్యాలెన్సింగ్ అవగానే వాల్వ్‌కి ఎదురుగా టైరు మీద పెయింట్‌తో చిన్న గీత పెట్టించుకోండి. వణుకు వచ్చిన రోజు గీత వాల్వ్ దగ్గర లేకపోతే కారణం కళ్లముందే ఉంటుంది. మళ్లీ బ్యాలెన్స్ చేయిస్తే చాలు.

సమస్య: 50 దగ్గరి నుంచే బండి ఎగిరెగిరి పడుతున్నట్టుంది

ఇది బరువు తేడా కాకపోవచ్చు. టైరు గుండ్రంగా తిరగకపోతే ఎన్ని వెయిట్లు కొట్టినా పోదు. ఇలాంటి గట్టి టైర్‌లో ఒక మిల్లీమీటరు ఎత్తు తేడా ఉన్నా, ప్రతి చుట్టులో ఇరుసు మీద 20 కిలోల దాకా బరువు హెచ్చుతగ్గులు అవుతుంది. పైన చెప్పిన 8 కిలోలతో పోల్చి చూడండి.

జాకీ ఎత్తి, బండి జరగకుండా స్టాండు పెట్టి, టైరు ముందు ఒక ఇటుక నిలబెట్టి దాని మీద సుద్దముక్క ఆనించండి. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే ఎత్తుగా ఉన్నచోట మాత్రమే సుద్ద గీసుకుంటుంది. షాపులో డయల్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. 1.5 మిల్లీమీటర్ల లోపు ఉంటే వదిలేయవచ్చు.

ఎక్కువుంటే ముందు రిమ్ము అంచు పక్కన టైరు మీద చుట్టూ ఉండే సన్నని గీతను చూడండి. రిమ్ముకీ ఆ గీతకీ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట లోపలికి దిగిపోతే టైరు సరిగ్గా కూర్చోలేదు. గాలి తీసి, రెండు అంచులకూ సబ్బు నీళ్లు పట్టించి మళ్లీ ఎక్కించాలి. కూర్చోబెట్టడానికి 40 పీఎస్ఐ దాటి గాలి కొట్టనివ్వకండి, అది ప్రాణాల మీదికి తెచ్చే పని. గీత సరిగ్గానే ఉంటే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించండి. రిమ్ము ఎత్తు, టైరు ఎత్తు ఒకే చోట పడి ఉంటే ఇలా విడిపోయి తగ్గుతుంది. కొత్త టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికగా ఉన్న చోటు, వాల్వ్ దగ్గరికి రావాలి.

సమస్య: మెషీన్ ప్రతిసారీ వేరే అంకె చూపిస్తోంది

లోపల యాంటీ పంక్చర్ లిక్విడ్ ఉంది. మన దగ్గర పెట్రోల్ బంకు పక్కన కూడా పోసేస్తున్నారు. రాత్రంతా నిలబెడితే అది కిందికి చేరుతుంది, పొద్దున బండి తీయగానే వణుకుతుంది. టైరు విప్పి, లోపలంతా కడిగి ఆరబెట్టడం తప్ప దారి లేదు. ఆఫ్‌రోడ్ వెళ్లేవాళ్లు దీనికి బదులు పంక్చర్ కిట్, చిన్న కంప్రెసర్ పెట్టుకోండి.

బ్యాలెన్సింగ్ పూసలు (టైరు లోపల పోస్తే, తిరిగేటప్పుడు బరువును వాటంతటవే సర్దే చిన్న గుళ్లు) వేసిన టైరు కూడా ఇలాగే చూపిస్తుంది, అది దోషం కాదు. పూసలున్న టైరును మెషీన్ ఎక్కించకూడదు. లోపల తడి ఉంటే మాత్రం పూసలు ముద్దకట్టి పనిచేయవు.

లిక్విడ్ లేదు, పూసలు లేవు, సెల్లార్‌లో నెలరోజులు కదలకుండా ఉన్న బండి మొదటి పది, పదిహేను కిలోమీటర్లు వణికి ఊరుకుంటే, కింద ఆనినచోట టైరు చదునైంది. వేడెక్కితే సర్దుకుంటుంది.

సమస్య: గుంట తగలగానే స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు ఊగిపోతోంది

ముందు ఇరుసు ఒకే కడ్డీలా ఉండే జిప్సీ, జిమ్నీ, పాత జీపుల్లో ఇది వస్తుంది. ఆ క్షణంలో బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి వేగం తగ్గనివ్వండి. బ్యాలెన్స్ తప్పిన టైరు దీన్ని రేపుతుంది, అసలు జబ్బు మాత్రం వదులైన కీళ్లలో ఉంటుంది. ఇంజిన్ ఆన్‌లో, చక్రాలు నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడించాలి, ఇంకొకరు కింద కూర్చుని టై రాడ్ చివరలు, కింగ్ పిన్ బేరింగులు, జిమ్నీలో లేటరల్ రాడ్ బుష్‌లు ఎక్కడ టకటకమంటున్నాయో చేయి పెట్టి చూడాలి. బండి ఎత్తు పెంచి ఉంటే క్యాస్టర్ కోణం (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వంగి ఉండే కోణం) కూడా కొలిపించండి. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊపును అణిచే షాక్ అబ్జార్బర్) వేసి కప్పిపుచ్చే రిపేరుకు ఒప్పుకోకండి.

సమస్య: 20, 30 వేగంలోనే బండి బాతులా ఊగుతోంది

బండి ఆపి టైరు చుట్టూ అరచేయి తిప్పి చూడండి. బటన్ల వరస ఒకచోట ఉబ్బి ఉన్నా, పక్క గోడలో బొప్పి తగిలినా లోపలి పొర విడిపోయింది. దీనికి బ్యాలెన్సింగ్ లేదు, ప్యాచ్ లేదు. అక్కడే స్టెప్నీ వేసుకుని మెల్లగా ఇంటికి రండి. ఆ టైరును మళ్లీ ఎవరికీ అమ్మకుండా పక్క గోడ కోసి పడేయండి.