యాభై దాటాక పరుగు – 4వ పాఠం: స్పీడ్ ఎన్నాళ్లకోసారి?

మాట్లాడుతూనే అరగంట ఆగకుండా పరిగెత్తడం వచ్చేసిందా? అయితే స్పీడ్, అంటే వేగంగా పరిగెత్తే సాధన గురించిన ఈ పాఠం మీకే. రానివాళ్లు ఇంకొన్నాళ్లు మూడో పాఠంలోనే ఉండండి, తొందరేం లేదు. బీపీ, షుగర్, గుండె మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

రన్నింగ్ గ్రూపుల్లో కుర్రాళ్లు మంగళవారం ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా), గురువారం టెంపో (ఆగకుండా కాస్త గట్టి వేగంతో), ఆదివారం లాంగ్ రన్ (ఎక్కువ దూరం) చేస్తుంటారు. మనమూ అదే పట్టుకుంటే పిక్కో మడమో పట్టేయడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆయాసం పది నిమిషాల్లో తగ్గిపోతుంది కానీ, కండరాలు, మడమ వెనక నరంలా తగిలే ఆ గట్టి పట్టీ కోలుకోవడానికి ఈ వయసులో రోజులు పడుతుంది. అలాగని స్పీడ్ మానేయడమూ తప్పే. వయసుతో ఎక్కువగా తగ్గేవి వేగానికి పనికొచ్చే కండర పోగులే.

నా లెక్క: యాభైల్లో వారానికి ఒక్కసారి, అరవై దాటితే పది రోజులకోసారి. మధ్యలో కనీసం రెండు రోజులు నడకో, నెమ్మది పరుగో.

స్పీడ్ రోజు ఏం చేయాలంటే, పావుగంట నెమ్మదిగా పరిగెత్తి, కాస్త ఎగువగా ఉండే వీధి చూసుకోండి. పైకి 30 సెకన్లు చురుగ్గా పరిగెత్తి, నడుస్తూ కిందికి రావాలి. ఇలా ఆరుసార్లు. మొదటిసారి ఎక్కడ ఆగారో అక్కడ ఒక రాయి పెట్టండి. ఆరోసారి రాయి దాకా చేరలేకపోతే, మొదట్లోనే ఎక్కువ ఊపు మీద వెళ్లారన్నమాట. మడమ నొప్పి ఉన్నవాళ్లు మాత్రం ఎగువ వద్దు, చదునైన చోటే మేలు. బీటా బ్లాకర్ (బీపీకి, గుండెకి ఇచ్చే ఒక రకం మందు) వాడుతుంటే వాచీలో గుండె వేగం చూసి మోసపోకండి. మందు దాన్ని తగ్గించి ఉంచుతుంది.

5కె (5 కిలోమీటర్ల) రేసు ఉన్న వారం వేరే స్పీడ్ అక్కర్లేదు, రేసే ఆ వారం కోటా. దీనికో ఉదాహరణ: కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో, మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేశాడు. ఆయన రోజూ ఓ శ్మశానవాటికలో గంటల కొద్దీ నెమ్మదిగా పరిగెత్తేవాడు. స్పీడ్ కోసం తరచూ చిన్న రేసులకు వెళ్లేవాడు, అంతే. ఆ గంటలు మాత్రం కాపీ కొట్టకండి!

ఇంటిపని: స్పీడ్ చేసిన మర్నాడు మంచం దిగి వేసే మొదటి పది అడుగులు గమనించి డైరీలో రాయండి. కుంటితే తర్వాతి స్పీడ్ మూడు రోజులు వెనక్కి జరపండి. ఆ డైరీ అయిదో పాఠానికి కావాలి.