కింగ్‌స్టన్ ట్రియోలా ముగ్గురు కలిసి పాడాలంటే

1958 నవంబరులో అమెరికాలో నంబర్ వన్‌కు చేరిన, కింగ్‌స్టన్ ట్రియో అనే ముగ్గురు సభ్యుల జానపద బృందం పాడిన ‘టామ్ డూలీ’లో ఉన్నవి రెండే కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు). చేతులకు తేలికే, గొంతులకే పని.

బృందంలో బాబ్ షేన్‌ది ఆరు తీగల గిటార్, నిక్ రెనాల్డ్స్‌ది నాలుగు తీగల టెనర్ గిటార్, డేవ్ గార్డ్‌ది బాంజో. ఇవన్నీ దొరక్కపోతే రెండు మామూలు గిటార్లు చాలు. ఒకరు డీ, ఏ7 కార్డ్‌లు పట్టండి. రెండోవాళ్లు ఏడో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది గడుల్లో ఏడోది) కేపో (తీగలన్నిటినీ ఒకేచోట అదిమే క్లిప్పు) బిగించి జీ, డీ7 ఆకారాలు పడితే అవే కార్డ్‌లు పైస్థాయిలో పలుకుతాయి. ఇద్దరూ ఒకేచోట పడితే మోత పెరుగుతుందంతే. కేపో బిగిస్తే తీగలు కాస్త హెచ్చుతాయి, మళ్లీ శ్రుతి చూసుకోండి.

పల్లవి, చరణాల వరస ఒకటే, నాలుగు పాదాలు. మొదటిది డీ. రెండో పాదం ఆఖరి మాట మీద ఏ7కు మారి, మూడో పాదమంతా అక్కడే ఉండి, నాలుగో పాదం ఆఖరి మాటకు డీకి రావాలి.

డీని షడ్జమంగా, శంకరాభరణం స్వరాలుగా తీసుకోండి. లీడ్ (పాట అసలు వరస పాడే గొంతు) మంద్ర పంచమంలో ఎత్తుకుంటుంది: ప ప ప ద స గ గ. రెండో పాదం: ప ప ప ద స రి. దాని మీద పైగొంతు: స స స స గ ప ప, తర్వాత స స స స గ మ. మూడో గొంతు మంద్ర పంచమం వదలకుండా నిలబడొచ్చు. అది రెండు కార్డ్‌లలోనూ ఉన్న స్వరమే.

తప్పు జరిగేది ఆ ‘మ’ దగ్గర. మొదటి పాదం ‘ప’తో ముగిసిందిగా, నోరు అలవాటుగా మళ్లీ ‘ప’కే పోతుంది. అపస్వరం కాదు కానీ, ఏ7లోని ‘ఏడు’, అంటే ఏ నుంచి లెక్కిస్తే ఏడో స్వరం, ఈ మధ్యమమే. అది పోతే పాట చప్పబడుతుంది. లీడ్ లేకుండా, గిటార్ మీద పైగొంతు ఒక్కటే పదిసార్లు పాడించండి. ఏకగళంగా పాడటానికి అలవాటుపడ్డ చెవి లీడ్ వైపే లాగుతుంది, కాబట్టి లీడ్‌ను కలిపినప్పుడు మొదట సన్నగా పాడమనండి.

కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు గమకాలు మానాలి. ఒక గొంతు ఊగితే మిగతా రెండూ అపశ్రుతిగా వినిపిస్తాయి.