చిన్న కెమెరాలో స్లో మోషన్: వెయ్యి వద్దు, 250 చాలు

మొన్న మా చెన్నై ఇంట్లో అమ్మ డబరాలోంచి గ్లాసులోకి కాఫీ తిరగబోస్తుంటే నా చిన్న కెమెరాలో సెకనుకి వెయ్యి ఫ్రేముల మీద తీశా. తీరా చూస్తే కాఫీ ధార అంచంతా మెట్లుమెట్లుగా ఉంది, నురగలో బుడగలు కనపడాల్సిన చోట ఒట్టి గోధుమరంగు ముద్ద, పైగా ట్యూబ్‌లైట్ వల్ల వీడియో అంతా వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఎందుకంటే ఫ్రేములు పెరిగేకొద్దీ కెమెరా సెన్సర్ నుంచి చదివే పిక్సెల్స్ తగ్గిపోతాయి. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 4నే తీసుకోండి, క్వాలిటీ ప్రయారిటీ (నాణ్యతకి పెద్దపీట వేసే సెట్టింగ్)లో 250 ఫ్రేములకి 1824×1026 పిక్సెల్స్, 500కి 1676×566, వెయ్యికి 1136×384 మాత్రమే, ఆ తర్వాత అన్నిటినీ సాగదీసి ఫుల్ హెచ్‌డీ ఫైలుగానే సేవ్ చేస్తుంది కాబట్టి ఫైలు రిజల్యూషన్ అంకెలు చూసి నమ్మేయకండి. ఈ సెట్టింగ్‌లో ఒక్కసారికి రికార్డయ్యేది 2 సెకన్లే. షూట్ టైమ్ ప్రయారిటీ (ఎక్కువసేపు తీసే సెట్టింగ్) పెడితే 4 సెకన్లొస్తుంది గానీ రిజల్యూషన్ ఇంకో మెట్టు దిగిపోతుంది, నేనైతే పెట్టను. 250లో తీసిన 2 సెకన్లు 25 మీద ప్లే చేస్తే 20 సెకన్లవుతుంది, అలలకి, పరిగెత్తే పిల్లలకి అది బోలెడు.

అసలు గొడవ వెలుతురుతోనే. మామూలు వీడియోకి షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం, 1/50 సెకను పెడతాం, 250కి 1/500 కావాలి, అంటే లోపలికొచ్చే వెలుతురు పదోవంతే, ఆ లోటు ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచి పూడిస్తే నీడలన్నీ నాయిస్‌తో, అంటే చుక్కచుక్కల గరుకుతో, నిండిపోతాయి. అందుకే జూమ్ జోలికి పోకుండా మీరే దగ్గరికి నడవండి, ఈ కెమెరాలో జూమ్ చేయకుండా వైడ్‌లో ఉంచితే లెన్స్ ఎఫ్1.8 దాకా తెరుచుకుంటుంది, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్2.8కి పడిపోయి వెలుతురు తగ్గుతుంది. ఇంట్లో ఇంకో చిక్కుంది, మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, మామూలుగా షట్టర్ 1/100 పెట్టి తప్పించుకుంటాం కానీ 250 ఫ్రేముల్లో 1/250 కన్నా కిందికి పోలేం. లైటు ఆర్పేసి కిటికీ దగ్గరికి జరగడమే దారి.

మెరీనాలో అలలు తీయాలంటే పొద్దున్నే వెళ్ళండి, ఎండ సముద్రం వైపు నుంచి వస్తుంది కాబట్టి తుంపర్లలో ఒక్కో చుక్కా విడిగా మెరుస్తుంది. కెమెరా స్టాండ్‌బైలోకి, అంటే స్లో మోషన్ తీయడానికి సిద్ధంగా ఉండే స్థితిలోకి, వెళ్ళగానే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాకైపోతాయి, అందుకని ముందే సరిచూసుకోండి. ఎండ్ ట్రిగర్ (బటన్ నొక్కేముందు జరిగింది రికార్డయ్యే సెట్టింగ్) పెట్టుకుంటే అల విరిగాక నొక్కినా అంతకుముందు 2 సెకన్లు దొరుకుతాయి, అది సేవయ్యేదాకా మాత్రం వెనకొచ్చే అలల్ని వదులుకోవాల్సిందే.

కాఫీ మళ్ళీ తీశా, ఈసారి పొద్దున పదింటికి బాల్కనీలో, 250 మీద. నురగ మీద బుడగ పగలడం కూడా కనపడింది.