ఇంట్లోకి వరద వచ్చేలోపు: మెయిన్ ఒక్కటి దించితే సరిపోదు

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే మా వీధిలో అందరూ కొవ్వొత్తులు కొంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతిలో ఇదే తంతు. ఏటా చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

ముందు సంచి. ఆధార్, రేషన్ కార్డు, పాస్‌బుక్కులు, మందులు, ఛార్జర్, కొంత చిల్లర. అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించాలి. తినడానికి బొరుగులు, వేయించిన శనక్కాయలు, బెల్లం చాలు. బిస్కెట్లు వద్దు, పిల్లలు మొదటి గంటలోనే ఖాళీ చేస్తారు. గ్యాస్ రెగ్యులేటర్ తీసి, మూత పెట్టి, సిలిండర్‌ను తాడుతో కిటికీ ఊచకు కట్టండి. ఖాళీ సిలిండర్ నీళ్లలో తేలుతుంది.

ఇక అందరూ తప్పు చేసేది కరెంటు దగ్గర. 2021 నవంబరులో మా ఎదురింట్లో మెయిన్ దించేసి, మోకాటి లోతు నీళ్లలో నిలబడి బీరువా సర్దుతున్నారు. నెత్తిమీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది! మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుంటుంది. అది ఇచ్చేదీ అదే 230 వోల్టులు. పైగా చాలా ఇళ్లలో అది మెట్ల కింద నేలమీదే ఉంటుంది, నీళ్లు ముందు చేరేదీ అక్కడికే.

అందుకని నీళ్లు గడప దాటకముందే, నేల పొడిగా ఉండగానే, చెప్పులు వేసుకుని, చేతులు తుడుచుకుని ఈ పని కానివ్వండి. మెయిన్ దించండి. వెంటనే ఇన్వర్టర్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకండి. తర్వాత ఒక్కో గదిలో లైటు, ఫ్యాను వేసి చూడండి. ఏదీ పనిచేయకపోతేనే కరెంటు పోయినట్టు. నీళ్లు అప్పటికే లోపలికి వచ్చేస్తే బోర్డు జోలికి పోకండి. బయటికి వచ్చి 1912కి ఫోన్ చేయండి. తిరిగొచ్చాక కూడా ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ ఎత్తొద్దు. గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపలి కరెంటు వైర్ల పైపుల్లో నీళ్లుంటాయి.

సంపు గురించి ఒక మాట. ఆ వరదల్లోనే మన ఊళ్లో ఒకావిడ సంపులోకి దిగి కడుగుతుంటే సిమెంటు వరలతో సహా అది నేలలోంచి పైకి లేచింది. చుట్టూ మట్టి నీళ్లతో నిండినప్పుడు ఖాళీ సంపు పడవలాంటిది. వానకు ముందే నింపి పెట్టండి. వరద తీశాక తోడడానికి తొందరపడొద్దు. ముందుగా ఖాళీ చేసుకోవడమే మంచిదనే పెద్దమనుషులు నాకు రోజూ తగులుతారు, వాళ్ల మాట వినకండి.

వెళ్లేటప్పుడు అండర్ బ్రిడ్జి దారి పట్టొద్దు. 2021 అక్టోబరులో వెస్ట్ చర్చ్ దగ్గర అలా నీళ్లలో చిక్కిన బండిలోనే ఒక కొత్త పెళ్లికూతురి ప్రాణం పోయింది. చుట్టయినా ఎత్తు మీద వెళ్లే దారి ఈ రోజే నడిచి చూసుకోండి.