సైలెంట్ హంటర్ 3లో గ్రాఫిక్స్ ఎంత ఉంచాలి, రియలిజం ఎంత పెట్టాలి

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్ కెప్టెన్‌గా ఆడే కంప్యూటర్ గేమ్ సైలెంట్ హంటర్ 3 వచ్చింది 2005లో. పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది కాబట్టి సబ్‌మెరైన్ గేములు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను ఇదే చెప్తాను. చాలామంది మోడ్‌లన్నీ (అభిమానులు చేసిన అదనపు మార్పులు) ఎక్కించి, రియలిజం (ఆట ఎంత నిజంలా, కష్టంగా ఉండాలో చెప్పే సెట్టింగ్) నూటికి నూరు పెట్టేసి, మొదటి ఓడ కనపడకముందే విసుగొచ్చి వదిలేస్తారు.

గ్రాఫిక్స్ విషయంలో నేను చూసేది ఒక్కటే: అది కెప్టెన్‌కి ఏమైనా చెప్తోందా? అల ఎత్తు చెప్తుంది, పెరిస్కోప్ ఎంత లేపాలో దాన్నిబట్టే. దూరాన పొగ, మంచు, వెన్నెల అన్నీ చెప్తాయి. నీళ్లలో చేపలు ఏమీ చెప్పవు, తీసేయండి. మామూలు గేమ్‌లో చూపు 8 కిలోమీటర్లే. జీడబ్ల్యూఎక్స్ లాంటి మోడ్‌తో 16 కిలోమీటర్లవుతుంది. మెషీన్‌కి బరువే, కానీ ఉన్న శక్తినంతా అక్కడే ఖర్చుపెట్టండి. బోటు లోపలి తళతళల గురించి బెంగ వద్దు. వైజాగ్ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కి చూడండి, ఎటు చూసినా గొట్టాలు, వాల్వులు, మీటర్లే. కిటికీ అన్నదే లేదు.

ఇక రియలిజం. బ్యాటరీ, ఆక్సిజన్, ఇంధనం పరిమితులు మొదటి రోజే ఆన్ చెయ్యండి. ఆటలో మనం నడిపే టైప్ 7సీ అనే జర్మన్ సబ్‌మెరైన్ నీళ్ల పైన 17 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) పైచిలుకు పరిగెత్తుతుంది, మునిగితే ఏడున్నరే. అదీ బ్యాటరీ ఉన్నంతసేపే. ఆ టెన్షన్ లేకపోతే అసలు ఆటే లేదు.

తర్వాత మ్యాప్‌లో శత్రు ఓడలు వాటంతటవే కనపడే సౌకర్యం తీసేయండి. ఆట మొత్తం మారిపోయేది ఇక్కడే. పైన కాపలా కాసే వాచ్ ఆఫీసర్‌ని అడిగితే ఓడ ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చెప్తాడు. మన బోటు నుంచి ఆ దిక్కుకి గీత గీసి, ఆ దూరంలో చుక్క పెట్టి, స్టాప్‌వాచ్ నొక్కండి. సరిగ్గా 3 నిమిషాల 15 సెకన్లకి మళ్లీ అడిగి, మన బోటు అప్పుడున్న చోటు నుంచి గీసి రెండో చుక్క పెట్టండి. రెండు చుక్కల మధ్య 900 మీటర్లుంటే ఓడ వేగం 9 నాట్స్, 700 ఉంటే 7. లెక్కలేమీ అక్కర్లేదు, ఒక నాట్ వేగంతో అంతసేపట్లో సుమారు వంద మీటర్లే వెళ్తారు. చుక్కలు కలిపితే ఓడ దారి కూడా తెలిసిపోతుంది.

మాన్యువల్ టార్గెటింగ్ (టార్పెడో గురి లెక్కలు మనమే చూసుకోవడం) మాత్రం చివరికి ఉంచండి. పై పద్ధతి చేతికి అలవాటయ్యాక అది పెద్ద కష్టమేం కాదు. ఓడ దారికి అడ్డంగా, వెయ్యి మీటర్ల లోపు నిలబడి కొట్టండి. పగలైతే ఎలక్ట్రిక్ టార్పెడో వాడండి. ఆవిరితో నడిచే టార్పెడోది వేగమే కానీ నీళ్లమీద బుడగల చార వదులుతుంది, కాపలావాడు చూస్తే ఓడ తిరిగిపోతుంది.

బయటి కెమెరా తీసేయమని పట్టుదల మనుషులు చెప్తారు. నేను తియ్యను. వేటాడేటప్పుడు ముట్టుకోను, టార్పెడో తగిలాక మాత్రం ఓడ మునగడం తనివితీరా చూస్తాను. సముద్రం దాటేటప్పుడు టైమ్ కంప్రెషన్ (ఆటలో కాలాన్ని వేగంగా నడపడం) 1024 రెట్లు పెట్టుకోవడానికీ మొహమాటపడను. తీరం దగ్గరకొస్తే మాత్రం బాగా తగ్గించండి, విమానం వచ్చిందన్న కబురు అందేలోపే బాంబు పడుతుంది.