చార్మినార్ చుట్టూ ఒక రోజు: ఏ వేళకు ఎక్కడ ఉండాలి

హైదరాబాద్ పాతబస్తీకి మొదటిసారి వచ్చేవారిలో చాలామంది మిట్టమధ్యాహ్నం చార్మినార్ చేరుకొని, ఎండలో, రద్దీలో రెండు గంటలు తిరిగి అలసిపోయి వెళ్లిపోతారు. అక్కడ ఒక్కో వీధిది ఒక్కో వేళ కాబట్టి, ఆ వేళలను బట్టి నడకను కుదుర్చుకోవాలి.

ఉదయం ఏడింటికి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో దిగి, నయాపుల్ మీదుగా మూసీ దాటి పత్తర్‌గట్టి చేరుకోండి. దుకాణాలు తెరవకముందు అక్కడి రాతి కమానుల వరుస నిండుగా కనిపిస్తుంది. చార్‌కమాన్ నడుమనున్న గుల్జార్ హౌజ్ దగ్గర వేడి దోశ తినవచ్చు. మాంసాహారులు నహారీ, కుల్చా తినాలనుకుంటే ఆలస్యం చేయకూడదు, అది పొద్దుటి తిండి.

తర్వాత 1591 నాటి చార్మినార్‌ను దాటి శాలిబండ వైపు సాగితే, హరిబౌలిలో మహంకాళి ఆలయం ఉంది. గోల్కొండ చివరి సుల్తాను తానీషా కొలువులో మంత్రులుగా ఉన్న అక్కన్న, మాదన్నల పేరుతోనే నేటికీ దానిని పిలుస్తారు. తిరిగి వచ్చేటప్పుడు మక్కా మసీదు దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వల్ల ఆ దారి కిక్కిరిసి ఉంటుంది కనుక ఆ రోజు ముందే ముగించుకోవడం మంచిది.

చార్మినార్ పక్కనే ఉన్న గాజుల బజారు లాడ్ బజార్‌ను చివరికి ఉంచుకోండి, ఎందుకంటే దుకాణాలు పదకొండు దాటితే గాని పూర్తిగా తెరుచుకోవు. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. కరిగించిన లక్కను గాజుగా చుట్టి, అది వేడిగా ఉండగానే ఒక్కొక్క రాయినీ అద్దుతారు. ఆ పని కళ్లారా చూసినవారికి బేరం ఎంతవరకు ఆడాలో తెలుస్తుందని నా నమ్మకం. కొలత విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: ‘రెండు నాలుగు’ అంటే గాజు లోపలి అడ్డుకొలత రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంపావు అంగుళాలు. ఇంట్లో స్కేలుతో 2.4 అంగుళాలని కొలుచుకొని అదే అంకె చెబితే ఆ గాజు చేతికి ఎక్కదు. అన్నిటికన్నా మేలు, సరిపోయే పాత గాజు ఒకటి వెంట తీసుకెళ్లడం.

ఆషాఢంలో వెళ్లేవారు లాల్‌దర్వాజ బోనాల మరునాటి సోమవారాన్ని ఎంచుకోవచ్చు. అక్కన్న మాదన్న ఆలయ ఘటం (అమ్మవారి కలశం) ఏనుగుపై ఊరేగుతూ చార్మినార్ మీదుగా నయాపుల్ వైపు సాగుతుంది. అది చూడాలంటే వాహనాన్ని దూరంగానే వదిలి నడిచి రావాలి.