షేర్ టిప్స్‌కి డబ్బులు కట్టే ముందు ఇవి చదవండి

నెలకి మూడు వేలు కట్టి ఆరు నెలలు ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఉన్నాను. ఏ షేరు కొనాలో, ఎంతకి అమ్మాలో చెప్పేవాళ్లు, ఎందుకు కొనాలో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. పోయిన డబ్బు పోయింది, కానీ దాంతో తెలిసిందేంటంటే, పనికొచ్చే సరుకు చాలావరకు ఊరికే దొరుకుతుంది.

ముందు షేర్లు కొనీ అమ్మే ఎక్స్ఛేంజీలు బీఎస్ఈ, ఎన్ఎస్ఈల వెబ్‌సైట్లు. కంపెనీ పేరు కొడితే ఫలితాలు, వార్షిక నివేదిక, ఎవరి చేతిలో ఎన్ని షేర్లున్నాయో అన్నీ అక్కడే. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో ఫలితాలు పెట్టాలి (ఏడాది చివరివైతే 60 రోజులు). వార్షిక నివేదికలో ఛైర్మన్ ఫొటోలు దాటేసి ఆడిటర్ రిపోర్టు, క్యాష్ ఫ్లో (చేతికి వచ్చిన, పోయిన డబ్బు లెక్క) చూడండి. పలాసలో జీడిపప్పు అరువుకి అమ్మిన వ్యాపారి పుస్తకంలో లాభం రాసుకోవచ్చు, డబ్బు చేతికొచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. లాభం ఏటా పెరుగుతూ క్యాష్ రావట్లేదంటే నేనైతే ఆ షేరు జోలికి పోను. పదేళ్ల అంకెలు ఒకేచోట కావాలంటే స్క్రీనర్ అనే వెబ్‌సైట్ ఉంది, ఉచిత ఖాతా చాలు.

చాలామంది పట్టించుకోనిది క్రెడిట్ రేటింగ్ రిపోర్టు. బ్యాంకు అప్పులున్న చిన్న కంపెనీల గురించి బ్రోకర్లు రాయకపోయినా క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి రేటింగ్ సంస్థలవాళ్లు రాస్తారు, వాళ్ల సైట్లలోనే ఫ్రీగా చదవొచ్చు, బలాలూ బలహీనతలూ కొద్ది పేజీల్లో ఉంటాయి. కాకపోతే అది అప్పు తీర్చే సత్తా గురించే తప్ప షేరు ధర గురించి కాదు, పైగా దానికి ఫీజు కట్టేది ఆ కంపెనీయే.

ఇక కాన్‌కాల్ ట్రాన్‌స్క్రిప్టులు, అంటే ఫలితాల తర్వాత కంపెనీ పెద్దలు ఇన్వెస్టర్లతో ఫోన్లో మాట్లాడిన మాటల రాతప్రతులు. మేనేజ్‌మెంటు ఉపన్యాసం వదిలేసి చివరి ప్రశ్నలూ జవాబులూ చదవండి. మ్యూచువల్ ఫండ్లవాళ్లు గుచ్చి గుచ్చి అడుగుతుంటే మనం పక్కన కూర్చుని విన్నట్టే. ఒకే ప్రశ్నకి మూడు త్రైమాసికాలుగా "త్వరలోనే" అంటున్నారా, గమనించండి.

ఫార్మా షేర్లు కొనేవాళ్లు అమెరికా మందుల నియంత్రణ సంస్థ యూఎస్ఎఫ్‌డీఏ సైటు కూడా చూడాలి. మన శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం వైపు మందుల కంపెనీల బస్సులు రోజూ చూస్తుంటాం కదా, 2015 నవంబరులో డాక్టర్ రెడ్డీస్‌కి వచ్చిన వార్నింగ్ లెటర్‌లో శ్రీకాకుళం ప్లాంటు కూడా ఉంది. అలాంటి ఉత్తరాలు ఆ సైట్లో ఎవరైనా చదవొచ్చు.

బ్రోకర్ యాప్‌లో వచ్చే రిపోర్టులు చదవండి, కానీ మీరు కొన్నా అమ్మినా వాళ్లకి కమిషన్ వస్తుందని గుర్తుంచుకోండి.

ఇంత చదివే తీరిక లేదు, డబ్బు కట్టే తీసుకుంటానంటే, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉన్న రీసెర్చ్ అనలిస్టు దగ్గరే తీసుకోండి. నంబరు ఐఎన్‌హెచ్ అక్షరాలతో మొదలవుతుంది, సెబీ సైట్లో ఆ నంబరూ పేరూ కలుస్తున్నాయో లేదో చూశాకే ఫోన్‌పే తెరవండి. నంబరున్నా సరే, లాభం గ్యారంటీ అన్నవాడికి మాత్రం రూపాయి కట్టొద్దు.